అంకె పెరిగితే పాట మెరుగవుతుందా? డిజిటల్ ధ్వనిపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, భజనలు ఇక్కడ ఎక్కువగా రికార్డు చేస్తాం. పాడటానికి వచ్చేవాళ్లలో చాలామంది గది ఎలా ఉంది, మైకు ఎక్కడ పెడతారు అని అడగరు. "96లో చేస్తారా, 192లో చేస్తారా?" అని అడుగుతారు. సెకనుకు ధ్వనిని ఎన్ని వేలసార్లు కొలుస్తారన్నదే ఆ అంకె. దాని కోసం అదనంగా డబ్బు పెట్టడానికీ సిద్ధపడతారు. అదే డబ్బుతో మరో పూట సాధన చేసినా, మరో డోలు కళాకారుడిని పిలిపించుకున్నా పాట నిజంగా బాగుపడుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: శాంప్లింగ్ రేటు ఎంత ఎక్కువైతే ధ్వని అంత నునుపు.

వాస్తవం: ధ్వని తరంగాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామో అదే శాంప్లింగ్ రేటు. సీడీలో అది 44,100. కొలతకూ కొలతకూ మధ్య ఖాళీ ఉంటుందని, తరంగం మెట్లుమెట్లుగా మారిపోతుందని చాలామంది ఊహించుకుంటారు. అది తప్పు. తరంగంలో ఉన్న అత్యధిక పౌనఃపున్యానికి (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క) రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే, ఆ కొలతల నుంచి మొత్తం తరంగాన్ని తిరిగి రాబట్టవచ్చు. హ్యారీ నైక్విస్ట్ 1928లో పునాది వేసిన ఈ సూత్రాన్ని క్లాడ్ షానన్ 1949 నాటి వ్యాసంలో గణితంతో నిరూపించారు. ఫోను నుంచి ఇయర్‌ఫోన్లకు చేరేది నున్నని తరంగమే, మెట్లు కాదు.

మనిషి చెవికి వినిపించేది సుమారు 20,000 హెర్ట్జ్ వరకు. వయసు పెరిగేకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతుంది. దానికి రెట్టింపు, పైన ఫిల్టరు పనిచేయడానికి కాస్త జాగా: అక్కడికి 44,100 సరిపోతుంది. గుండ్రంగా 40,000 అనో 45,000 అనో పెట్టకుండా ఈ అంకే ఎందుకంటే, తొలినాళ్లలో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద నమోదు చేసేవారు. సెకనుకు 60 ఫీల్డులు, ఫీల్డుకు 245 గీతలు, గీతకు 3 శాంపిళ్లు. గుణిస్తే సరిగ్గా 44,100.

వినికిడి పరీక్షలూ జరిగాయి. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. హై రిజల్యూషన్ డిస్కును నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి తగ్గించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. బొమ్మాబొరుసు వేసినా దాదాపు అంతే వస్తుంది. 2016లో జాషువా రైస్ ఇలాంటి అనేక పరీక్షలను కలిపి లెక్కిస్తే సరైన జవాబులు 52.3 శాతం అని తేలింది. తేడా అసలే లేదని నేను అనను. మన ఇళ్లలో, మన స్పీకర్లలో దాని కోసం వెతకడం వృథా అంటాను.

అపోహ: 24 బిట్ కూడా అలాంటి ఆర్భాటమే.

వాస్తవం: ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాసుకుంటామో బిట్ల సంఖ్య చెబుతుంది. వినేటప్పుడు 16 బిట్ చాలు. నిశ్శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెళ్ల దూరం అందులో పడుతుంది. రికార్డు చేసేటప్పుడు మాత్రం నేను 24 బిట్ వదలను. ఒగ్గు కథలో కథకుడు గొంతు తగ్గించి గుసగుసగా చెబుతూనే ఉంటాడు, మరుక్షణం డోళ్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆ దెబ్బకు మీటరు ఎర్రగీత దాటితే తరంగం తల తెగిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా అతికించలేదు. 24 బిట్‌లో స్థాయిని బాగా తగ్గించి పెట్టుకున్నా గుసగుస కింది రొదలో కలిసిపోదు.

అపోహ: ఎంపీ3 అంటేనే నాసిరకం.

వాస్తవం: ఎంత బిట్‌రేటు (సెకను ధ్వనికి వాడే డేటా), ఎలాంటి ధ్వని అన్నదాన్ని బట్టి ఉంటుంది. సీడీ సెకనుకు 1,411 కిలోబిట్లు తీసుకుంటుంది. 128 కిలోబిట్ల ఎంపీ3లో అందులో పదకొండో వంతే ఉంటుంది. గట్టి శబ్దం పక్కన చిన్న శబ్దం చెవికి అందదు కాబట్టి, ఆ అందనిదాన్ని వదిలేయడమే ఎంపీ3 చేసే పని. ఒక్క గొంతు, ఒక్క హార్మోనియం అయితే 128లోనూ బాగానే నెగ్గుకొస్తుంది.

బతుకమ్మ పాట దగ్గర చిక్కు వస్తుంది. పది మంది ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ ఒక్కసారిగా చప్పట్లు కొడతారు. ఎంపీ3 ధ్వనిని 576 శాంపిళ్ల ముక్కలుగా చూస్తుంది, అంటే సుమారు 13 మిల్లీసెకన్లు. చప్పట్లు ముక్క మధ్యలో పడితే, కుదింపు వల్ల పుట్టిన రొద ముక్క అంతటా పరుచుకుంటుంది. చప్పట్ల కన్నా ముందే ఒక పలుచని 'ఉస్సు' వినిపిస్తుంది. ఇలాంటి చోట చిన్న ముక్కలకు మారే ఏర్పాటు ఎంపీ3లో ఉన్నా, తక్కువ బిట్‌రేటులో అది చాలదు. 256, 320లలో ఆ 'ఉస్సు' నాకు పట్టుబడదు, రోజూ ఇదే పనిలో ఉన్నా సరే.

అపోహ: 128 ఫైలును 320కి మారిస్తే, లేదా ఫ్లాక్ (ఒక్క బిట్ కూడా పోగొట్టకుండా కుదించే ఫార్మాట్) చేస్తే నాణ్యత పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. పోయింది పోయినట్టే. ఫైలు మాత్రం బరువెక్కుతుంది.

అపోహ: గట్టిగా వినిపించే రికార్డింగే మంచిది.

వాస్తవం: రెండింటిలో కాస్త గట్టిగా ఉన్నదే మెరుగని మన చెవి నమ్మేస్తుంది. ఫార్మాట్లను పోల్చేముందు రెండింటి శబ్ద స్థాయినీ సమానం చేయండి. ఏది ఏదో మీకు తెలియకుండా మరొకరిచేత మార్పించి వినండి.

క్యాసెట్ల గురించి ఒకటి చెప్పాలి. జనగామ వైపు నుంచి ఒకాయన వాళ్ల నాన్న చెప్పిన మల్లన్న కథ తెచ్చారు. ఎక్కడో అప్పటికే 192 కిలోహెర్ట్జ్‌లో డిజిటల్ చేయించారు. అరగంటకు రెండు గిగాబైట్ల ఫైలు, వింటే దుప్పటి కప్పుకొని మాట్లాడుతున్నట్టుంది, వాయించే తాళాల చప్పుడు ఆనవాలే లేదు. క్యాసెట్ తెప్పించుకుని డెక్‌లో పెట్టాను. టేపును చదివే భాగమైన హెడ్ పక్కన ఉండే చిన్న స్క్రూ హెడ్ వాలును సరిచేస్తుంది. టేపు రికార్డయిన నాటి వాలుకూ ఇప్పటి హెడ్ వాలుకూ పొంతన లేకపోతే ముందుగా పోయేది సన్నని శబ్దాలే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ వెళ్లాను. పావు చుట్టు కూడా కాకముందే తాళం గణగణమంటూ పైకి వచ్చింది.

ఆయన "మా నాయన పక్కన వాయించింది మా బాబాయి" అన్నారు.

దాన్ని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఎక్కించాను. అరగంటకు అయిదు వందల మెగాబైట్ల పైచిలుకు. ఫ్లాక్‌లో ఇంకా తగ్గింది. రెండు వేర్వేరు డిస్కుల్లో ఫ్లాక్ ప్రతులు, వాళ్లమ్మ ఫోనులో వినడానికి ఒక 256 ఎంపీ3 ఇచ్చి, క్యాసెట్‌ను పారేయవద్దని చెప్పి పంపాను.