పేగుల్లో సెరటోనిన్ ఏం చేస్తుంది?

చిరంజీవులు చిన్నీకి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

"అరటిపండులో సెరటోనిన్ ఉంటుందట, తింటే హుషారు వస్తుందా తాతయ్యా?" అని మొన్న ఫోన్లో అడిగారు కదా. సెరటోనిన్ అంటే ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే ఒక రసాయనం. అరటిపండులో అది ఉండటం నిజమే. కానీ పండులోది రక్తంలోంచి మెదడులోకి దాటలేదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది. కాబట్టి పండు తినండి, ఆకలి తీరుతుంది, అంతవరకే. వీడియోల వాళ్లు సెరటోనిన్‌ను 'హ్యాపీ హార్మోన్' అంటుంటే పశువుల డాక్టరుగా పనిచేసిన నాకు కాస్త చిరాకే. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లు పేగుల్లోనే ఉంటుంది మరి!

మొదట దొరికింది కూడా అక్కడే. 1930లలో ఇటలీలో విట్టోరియో ఎర్‌స్పామర్ జంతువుల జీర్ణాశయం లోపలి పొర నుంచి కండరాన్ని ముడుచుకునేలా చేసే పదార్థం ఒకటి తీసి, ఎంటెరమిన్ అని పేరు పెట్టాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ పశువుల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) నుంచి రక్తనాళాలను బిగించే పదార్థం తీసి సెరటోనిన్ అన్నారు. రెండూ ఒకటేనని 1952లో తేలింది. మెదడులో కనిపించింది ఆ తర్వాతే.

ఇక అది చేసే పని చూడండి. 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ కుక్కల పేగుకు బయటినుంచి వచ్చే నరాలన్నీ కత్తిరించి చూశారు. అయినా పేగు తనపాటికి తాను తిండిని ముందుకు నెట్టింది. పేగు గోడలోనే సొంత నరాల వల ఉంది. మెదడు అనుమతి కోసం అది ఆగదు. మరి తిండి వచ్చిందని ఆ నరాలకు తెలిసేదెలా? పేగు లోపలి పొరలో అక్కడక్కడా ఎంటెరోక్రోమాఫిన్ కణాలని ఉంటాయి. ముద్ద వచ్చి గోడను నొక్కగానే అవి సెరటోనిన్ వదులుతాయి. పక్కనున్న నరాల కొసలకు అది తగులుతుంది. వెంటనే ముద్ద వెనక కండరం బిగుస్తుంది, ముందున్నది వదులవుతుంది. ఆవు పాలు పితికేటప్పుడు పైవేళ్లు ముందు బిగించి, కిందికి నొక్కుకుంటూ వస్తాం చూశారా, కొంచెం అలాంటిదే. పని అయ్యాక పొరలోని కణాలే ఆ సెరటోనిన్‌ను తిరిగి లోపలికి లాగేసుకుంటాయి. లేకపోతే నరాలు రెచ్చిపోతూనే ఉంటాయి.

1950లలో ఆక్స్‌ఫర్డ్‌లో ఎడిత్ బుల్‌బ్రింగ్ బృందం గినీపిగ్ పేగు ముక్క మీద దీన్ని పరీక్షించింది. లోపలివైపు సెరటోనిన్ తగిలిస్తే పేగు కదలిక పెరిగింది.

అయితే కథ ఇంత సులువుగా తేలలేదు. పొరలోని కణాలు సెరటోనిన్ తయారుచేయలేకుండా జన్యువు తీసేసిన చిట్టెలుకల్లోనూ పేగు మామూలుగానే నడిచింది. పేగు నరాలు తయారుచేసుకునే కొద్దిపాటి సెరటోనిన్ లేకుండా చేస్తే మాత్రం మందగించింది. బస్తాల్లో ఉన్నదానికన్నా చిటికెడే ఎక్కువ పని చేస్తోందన్నమాట! నాకు అన్నిటికంటే నచ్చిన ఫలితం ఇదే.

పేగులోని బ్యాక్టీరియాకూ ఇందులో చెయ్యి ఉంది. ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన చిట్టెలుకల పెద్దపేగులో సెరటోనిన్ బాగా తగ్గిందని, కొన్ని రకాల బ్యాక్టీరియాను ఎక్కిస్తే మళ్లీ పెరిగిందని 2015లో కాలిఫోర్నియాలో చూపించారు.

ఇక వాంతులు. పిల్లలకు విరేచనాలు తెప్పించే రోటావైరస్ సోకినా, సిస్‌ప్లాటిన్ లాంటి క్యాన్సర్ మందు ఎక్కించినా, పేగు పొరలోని ఆ ఎంటెరోక్రోమాఫిన్ కణాలు సెరటోనిన్ గుమ్మరిస్తాయి. పేగుల నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నరం ఆ కబురు మెదడుకు చేరవేస్తుంది, కడుపులో ఉన్నది బయటికొస్తుంది. మీకు వాంతులైనప్పుడు డాక్టరుగారు రాసే ఒండాన్‌సెట్రాన్ ఆ నరం మీద సెరటోనిన్ పట్టుకునే చోటును మూసేస్తుంది. ఆ మందుతో కొందరికి మలబద్ధకం రావడమూ అందుకే. పేగు నరాల మీద కూడా అలాంటి చోట్లే ఉన్నాయి.

ఇలాంటి మందులను ల్యాబులో ఎక్కువగా ఫెర్రెట్ల మీద పరీక్షించారు. అవి ముంగిసల్లా కనిపించే జంతువులు. ఎలుకలు సులువుగా దొరుకుతాయి కదా అంటారేమో, ఎలుక వాంతి చేసుకోలేదు! దానికి కడుపులో తిప్పితే మట్టి తింటుంది. అందుకని సిస్‌ప్లాటిన్ ఇచ్చిన ఎలుకల ముందు తెల్లమట్టి ఉండలు పెట్టి, ఎంత తిన్నాయో తూకం వేసి, వాటికి ఎంత వికారంగా ఉందో అంచనా కడతారు. ఒండాన్‌సెట్రాన్ ఇస్తే మట్టి తినడం తగ్గుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య