చార్లెస్టన్ పాత ఇళ్లు: అపోహలు - వాస్తవాలు

లాంగ్ వీకెండ్ వచ్చిందంటే అట్లాంటా, షార్లెట్ నుంచి మనవాళ్లు సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌కు కార్లలో దిగిపోతారు. గుర్రబ్బండి ఎక్కి పాత ఊరంతా చుట్టి, బండివాడు చెప్పిన కథలన్నీ తెచ్చి నన్ను అడుగుతారు. నేను పాత కట్టడాల మరమ్మతులు చూసే ఆర్కిటెక్ట్‌ని కాబట్టి తప్పదు. కొన్ని కథలు వింటే నవ్వొస్తుంది, కొన్ని నమ్మితే గోడలు పాడవుతాయి.

అపోహ: వీధివైపు వెడల్పును బట్టి పన్ను వేసేవారు. అందుకే ఇళ్లు వీధికి పక్కకు తిరిగి ఉంటాయి.

వాస్తవం: అలాంటి పన్ను ఉన్నట్టు చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. ఇక్కడి 'సింగిల్ హౌస్' ఒక గది వెడల్పే ఉంటుంది. అంతస్తుకు రెండు గదులు, మధ్యలో మెట్లు. ప్లాట్లు సన్నగా, లోతుగా ఉండేవి మరి. పక్కన పొడవాటి వరండా, దాన్ని ఇక్కడ పియాజా అంటారు. దక్షిణానికో పడమరకో పెడతారు కాబట్టి ఎండ నేరుగా గోడ మీద పడదు, గాలి ఈ కిటికీలో వచ్చి ఆ కిటికీలో పోతుంది. వీధి తలుపు తీస్తే ఇంట్లోకి కాదు, వరండాలోకి వెళ్తాం. పక్కింటి వరండా వైపు ఉండే గోడకు కిటికీలు తక్కువ పెట్టేవారు. ఎండ, గాలి, పొరుగువాళ్ల చూపు లెక్కేసుకుని వేసిన ప్లాను ఇది.

అపోహ: ప్రతి పాత ఇంటి వెనకా ఒక పేరున్న ఆర్కిటెక్ట్ ఉంటాడు.

వాస్తవం: 1752లో మొదలుపెట్టిన సెయింట్ మైకేల్స్ చర్చికే డిజైన్ ఎవరిదో ఖాయంగా తెలియదు. 1803లో జోసెఫ్ మానిగాల్ట్ ఇంటికి ప్లాను గీసింది ఆయన అన్న గేబ్రియల్. గేబ్రియల్ వరి ఎస్టేట్ల యజమాని, ఇళ్ల ప్లాన్లు సరదా కొద్దీ గీసేవాడు. ఆర్కిటెక్చర్‌నే వృత్తిగా చేసుకున్న లోకల్ మనిషి అంటే 1781లో ఇక్కడే పుట్టిన రాబర్ట్ మిల్స్. ప్రభుత్వ రికార్డులు కాలిపోకుండా 1820ల్లో ఇటుక కమానులతో, రాతి మెట్లతో కట్టిన ఫైర్‌ప్రూఫ్ బిల్డింగ్ ఆయనదే. తర్వాత వాషింగ్టన్ మాన్యుమెంట్‌కు డిజైన్ ఇచ్చిందీ ఆయనే.

మరి ఇటుక కాల్చిందెవరు, పేర్చిందెవరు, దూలాలు చెక్కిందెవరు? ఎక్కువగా బానిసత్వంలో ఉన్న ఆఫ్రికన్లు, వాళ్ల సంతతి. కొన్ని ఇటుకల మీద వాళ్ల వేలిముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి. టూర్లలో యజమాని పేరు పదిసార్లు వినిపిస్తుంది, వీళ్ల ప్రస్తావన ఒక్కసారి వస్తే గొప్ప. ఇక్కడి ఇళ్ల ఇనుప గేట్లన్నీ అమెరికా అంతర్యుద్ధానికి ముందువే అనుకోవడమూ పొరపాటే. వాటిలో చాలా 2009 దాకా మన మధ్య ఉన్న నల్లజాతి కమ్మరి ఫిలిప్ సిమన్స్ చేతివి.

అపోహ: పాత గోడకు గట్టి సిమెంటు పెడితే ఇంకో వందేళ్లు ఢోకా లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇదే. ఆ రోజుల ఇటుక చేత్తో అచ్చుపోసి కాల్చింది, మెత్తన. దాని మధ్య పెట్టింది ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నం. మన చార్మినార్, గోల్కొండ కట్టిందీ సున్నంతోనే కదా. ఈ ఊరు సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు, నేలలో ఉప్పుచెమ్మ ఎక్కువ. గోడ దాన్ని పీలుస్తుంది. అతుకుల్లో సున్నం ఉంటే చెమ్మ అందులోంచి ఆరిపోతుంది. అరిగినా అరిగేది అతుకే, గీకి మళ్లీ నింపుకోవచ్చు. అక్కడ సిమెంటు పెడితే చెమ్మకు ఇటుక తప్ప వేరే దారి ఉండదు. నీరు ఆరాక ఉప్పు ఇటుకలోనే పేరుకుని పెచ్చులు ఊడదీస్తుంది. కొన్నేళ్లకు సిమెంటు గీతలు ఎత్తుగా మిగిలి, ఇటుకలు గుంటలు పడతాయి. పోనీ తీసేద్దామని గ్రైండర్ పెడితే ఇటుక అంచులు పోతాయి. అందుకే ఒక్కోసారి ఆ సిమెంటును అలాగే వదిలేయమంటాను. వాటర్‌ప్రూఫ్ పెయింట్‌దీ ఇదే గొడవ.

సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, ఆ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, కూలీ ఎక్కువ. ఓనర్ల టెన్షన్ నాకు తెలుసు. 1989లో హ్యూగో తుఫాను తర్వాత ఊరు బాగుచేద్దామంటే పనివాళ్లే దొరకలేదు. తాపీపని, కమ్మరం, వడ్రంగం డిగ్రీతో నేర్పే అమెరికన్ కాలేజ్ ఆఫ్ ది బిల్డింగ్ ఆర్ట్స్ ఇక్కడ పుట్టింది ఆ కరువులోంచే.

అపోహ: గోడల మీది ఇనుప బిళ్లలు భూకంపాన్ని తట్టుకుంటాయి.

వాస్తవం: 1886 ఆగస్టు 31 భూకంపం తర్వాత, ఒరిగిన గోడలను లాగిపట్టడానికి ఇంటికి అడ్డంగా కడ్డీలు దూర్చి చివర బిళ్లలు బిగించిన మాట నిజం. కానీ అలాంటి కడ్డీలు అంతకుముందూ వాడారు. కొన్ని బిళ్లల వెనక కడ్డీయే లేదు, ఉత్త అలంకారం. అంత పెద్ద భూకంపం ఊరికి మళ్లీ రాలేదు కాబట్టి వీటికి అసలు పరీక్ష జరగలేదు. వాటిని చూసుకుని ఇన్సూరెన్స్ మాత్రం మానుకోకండి.

రెయిన్‌బో రో అని ఇక్కడ వరసగా రంగురంగుల ఇళ్లున్నాయి, ఆ రంగుల కథ కూడా అడుగుతారు: తాగొచ్చిన నావికులు ఇల్లు గుర్తుపట్టడానికట! 1930ల్లో డొరతీ లెగ్ అనే ఆవిడ అక్కడి పాడుబడ్డ ఇల్లు కొని గులాబీ రంగు వేయించారు, ఇరుగుపొరుగు అందుకున్నారు. అంతే.

అపోహ: హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొంటే మేకు కూడా కొట్టనివ్వరు.

వాస్తవం: పాత కట్టడాల రూపాన్ని కాపాడే జోనింగ్ చట్టం అమెరికాలో మొదట వచ్చింది ఇక్కడే, 1931లో. దాంతో ఏర్పడ్డ రివ్యూ బోర్డులో లోకల్ ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ సైమన్స్ నాలుగు దశాబ్దాలకు పైగా కూర్చున్నారు. బోర్డు చూసేది వీధిలోంచి కనిపించే బయటి భాగాన్ని, కూల్చివేతల్ని. లోపల కిచెన్ మార్చుకుంటే దానికి సంబంధం లేదు, మామూలు పర్మిట్ చాలు. నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో, పేరుండటం వేరే సంగతి. సొంత డబ్బుతో చేసుకునే పనిని అది ఆపదు. పైగా అద్దెకిచ్చే, వ్యాపారానికి వాడే కట్టడాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ వస్తుంది.

బోర్డు మారదనడం కూడా తప్పే. 2017లో ఇర్మా తుఫాను నీళ్లు వీధుల్లోకి వచ్చాక, పాత ఇళ్లను పునాది మీంచి జాకీలతో పైకెత్తడానికి దారి సులువైంది. ఇప్పుడు వాదనంతా ఎంత ఎత్తు అన్నదాని మీదే. ఇల్లు కొన్ని అడుగులు లేస్తే వీధి తలుపుకు కొత్త మెట్లు కావాలి, ఫుట్‌పాత్ మీద వాటికి చోటుండదు. మెట్లను లోపలికి, వరండాలోకి మళ్లిస్తే తలుపు పాత ఎత్తులోనే ఉంటుంది. నా ఓటు దానికే.