మిర్రర్ డింగీ: కట్టే చోట, కొలిచే చోట, రేసులో వినిపించే అపోహలు - వాస్తవాలు

ఎర్ర తెరచాప, మొన లేకుండా పలకలా ఆగిపోయే ముక్కు, 3.3 మీటర్ల పొడవు. మిర్రర్ అనే ఈ డింగీని (చిన్న తెరచాప పడవను) ఒకసారి చూసినవాళ్లు ఎక్కడున్నా గుర్తుపడతారు. నేను ఇంట్లోనే రెండు మిర్రర్లు కట్టాను. చాలా ఏళ్లుగా రెగట్టాల (తెరచాప పడవల పోటీల) ముందు ఈ క్లాస్ పడవలను, అంటే ఒకే రూల్స్ ప్రకారం కట్టిన ఈ రకం పడవలను, కొలిచే పని కూడా చేస్తున్నాను. కొలత బల్ల దగ్గరికి వచ్చేవాళ్ల మొహాల్లో టెన్షన్ కనిపిస్తుంది. రూల్ బుక్ ఉన్నది తప్పులు పట్టడానికేనని వాళ్ల నమ్మకం. నా అనుభవంలో ఆ పుస్తకం ఇంట్లో పడవ కట్టుకున్న మనిషి పక్షాన నిలబడుతుంది. కింద రాసిన అపోహల్లో చాలావరకు ఈ ఒక్క విషయం తెలియక పుట్టినవే.

అపోహ: ఇంట్లో కట్టిన పడవ సరదాగా తిరగడానికే. రేసుకు ఫ్యాక్టరీ పడవే కావాలి.

ఈ క్లాస్ పుట్టిందే ఇంట్లో కట్టుకోవడం కోసం. 1960ల మొదట్లో బ్రిటన్‌లో డైలీ మిర్రర్ పత్రిక సామాన్యుడికి అందే ఒక పడవను తేవాలనుకుంది. పేరు, తెరచాప ఎరుపు అక్కడివే. అప్పటికే ఎన్నో డింగీలు గీసిన జాక్ హోల్ట్, ఇంటి పనులు సొంతంగా ఎలా చేసుకోవాలో బీబీసీ టీవీలో చూపించే బ్యారీ బక్‌నెల్ కలిసి దీన్ని రూపొందించారు. 1963లో లండన్ బోట్ షోలో జనం ముందుకు వచ్చింది. కిట్ ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. ఇప్పటికి 70,000కు పైగా తయారయ్యాయి.

కట్టే పద్ధతిలోనే దీని గొప్పతనం ఉంది. ప్లైవుడ్ పలకల అంచుల వెంట రంధ్రాలు వేసి, రాగి తీగతో ఒకదాన్ని ఒకటి కుట్టి, ఆ అతుకుల మీద రెసిన్‌తో ఫైబర్‌గ్లాస్ టేప్ అంటిస్తారు. పెద్ద అచ్చు అక్కర్లేదు. పలకల అంచులు సరిగ్గా కోస్తే వంపు దానంతట అదే వస్తుంది. తెరచాపను ఎత్తే కర్ర కూడా రెండు ముక్కలు: పొట్టి మాస్ట్, దాని వెంట పైకి లేచే గాఫ్. విప్పితే అన్నీ పడవ లోపలే సర్దుకుంటాయి. తర్వాతి కాలంలో ఒకే పొడవాటి మాస్ట్‌నూ, ఫైబర్‌గ్లాస్ హల్‌లనూ (పడవ ఒళ్లనూ) క్లాస్ ఒప్పుకుంది. కానీ ఆకారం, బరువు పాత చెక్క పడవల లెక్కలోనే ఉండాలని పట్టుబట్టింది. అందుకే అవీ ఇవీ ఒకే లైన్ మీద స్టార్ట్ అవుతాయి.

ఇంట్లో కట్టే పడవ పాడయ్యేది ఒకే చోట: మెలి. తీగలు బిగించాక, టేప్ వేయకముందు, తిన్నని కర్రలు రెండు తీసుకుని ఒకటి ముందు, ఒకటి వెనక హల్ మీద అడ్డంగా పెట్టండి. దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూడండి. రెండు కర్రల పై అంచులు సమాంతరంగా కనిపించాలి. లేకపోతే తీగలు వదులు చేసి సరిచేయండి. టేప్ గట్టిపడ్డాక ఆ మెలి ఇక జన్మలో పోదు. నా మొదటి పడవకు ఈ పనిలో ఒక సాయంత్రం గడిచిపోయింది, ఆ సాయంత్రమే ఆ పడవను నిలబెట్టింది.

అపోహ: ఎంత తేలిగ్గా కడితే అంత వేగం.

హల్‌కు కనీస బరువు ఉంది, 45.5 కిలోలు. అంతకంటే తగ్గితే ఆ తేడాకు సరిపడా సీసం ముక్కలు పడవలో బిగించాలి. ఒకసారి ఒక కుర్రాడు లోపలి బద్దీలన్నీ ఓపికగా సన్నగా చెక్కి తెచ్చాడు. తూకంలో దాదాపు 3 కిలోలు తక్కువ వచ్చింది. ఆ 3 కిలోలూ సీసం రూపంలో మళ్లీ పడవలోకి వెళ్లాయి. పోయింది మాత్రం గట్టిదనం. అలలో ఆ పడవ అడుగు మెత్తగా కదలడం చేతికి తెలిసేది. అంత కష్టపడి తన పడవనే బలహీనం చేసుకున్నాడే అని నాకు చాలా బాధేసింది.

ఈ కనీస బరువు లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. ఖరీదైన సామగ్రి కొనగలిగినవాళ్లు ఏటా ఇంకొంచెం తేలిక పడవ తెస్తారు. రెండు మూడేళ్లలో ఇంట్లో కట్టిన పడవలన్నీ షెడ్‌లోకి చేరతాయి. అందుకే ఆ అంకె సామాన్యుడికి రక్ష అంటాను.

ఆ అంకెను సరిగ్గా అందుకోవడం మాత్రం కష్టమే, ఎందుకంటే ఇంటి పడవలు ఎక్కువగా బరువు వైపే తప్పుతాయి. లెక్క చూడండి. 2.44 మీటర్ల పొడవు, 1.22 మీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ షీట్ తేలిక రకం చెక్కదైతే 7 కిలోల లోపే ఉంటుంది. బరువు రకమైతే 9 కిలోలకు చేరుతుంది. ఇంకో దొంగ రెసిన్. టేప్ నేత తడిసి పారదర్శకమైతే చాలు, పైన మెరిసే పొర అంతా అనవసర బరువు. గట్టిపడకముందే ప్లాస్టిక్ పలకతో గీకేయండి. పెయింట్ కూడా అంతే: ప్రతి పూతకు ముందు రుద్దకుండా పూత మీద పూత వేసుకుంటూ పోతే పదేళ్లలో కిలోలు పేరుకుంటాయి.

కొంచెం తక్కువ బరువులో కట్టి సీసం పెట్టుకోవడం తప్పు కాదు, తెలివైన పనే. చెక్క కాలంతో పాటు నీరు పీల్చి బరువెక్కుతుంది. అప్పుడు మళ్లీ తూకం వేయించి సీసం తగ్గించుకోవచ్చు.

అపోహ: రూల్స్‌లో వద్దని రాయలేదు కాబట్టి చేయొచ్చు.

క్లాస్ రూల్స్ రెండు రకాలు. వద్దన్నది తప్ప అన్నీ చేయొచ్చనేది ఒకటి, ఒప్పుకున్నది తప్ప ఏదీ చేయకూడదనేది రెండోది. కొత్త ఆలోచనలకు పోటీ పెట్టే మాత్ క్లాస్‌ను చూడండి. పొడవు 3.355 మీటర్లు, వెడల్పు 2.25 మీటర్లు దాటకూడదు. కనీస బరువు లేదు. ఆ స్వేచ్ఛ వల్లే అవి నీటి కింద రెక్కలతో పైకి లేచి ఎగురుతున్నాయి. మిర్రర్ వన్-డిజైన్ పడవ, అంటే అన్నీ ఒకేలా ఉండాల్సిన రకం; దీని స్వభావం వేరు. రూల్స్‌లో కనిపించని ఆలోచన వస్తే అది దొరికిన సందు అనుకోకండి, అనుమతి లేదనే అనుకోండి. రంపం పట్టకముందే క్లాస్ అసోసియేషన్‌కు రాసి అడగండి. కొలత బల్ల దగ్గర అడిగితే అప్పటికే చెక్క కోసేసి ఉంటారు, నేను చేయగలిగేది ఏమీ ఉండదు.

అపోహ: కొలత సర్టిఫికెట్ ఉంది కాబట్టి నా పడవకు తిరుగులేదు.

ఆ కాగితం పడవను కొలిచిన రోజు సంగతి చెబుతుంది. రేసు రోజున పడవ రూల్స్ ప్రకారం ఉందా లేదా అన్నది యజమాని బాధ్యత. చుక్కాని మార్చినా, కొత్త తెరచాప కొన్నా ఇది గుర్తుంచుకోండి. అలాగని అరిగిపోయిన పడవ అనగానే శిక్ష పడదు. దెబ్బ తగిలో, మామూలు అరుగుదల వల్లో కొలత తప్పి, దానివల్ల పడవ వేగం పెరగకపోతే శిక్ష వేయకూడదని రేసింగ్ రూల్సే చెబుతున్నాయి. సరిచేసుకునే వీలుంటే మళ్లీ రేసుకు దిగేలోపు సరిచేసుకోవాలి, అంతే. ఇంకో మాట: రెగట్టాలో పడవను పోటీ నుంచి తీసేసే అధికారం మెజరర్‌కు (పడవను కొలిచే మనిషికి) లేదు. తేడా ఉందని తేలితే పడవలను తనిఖీ చేసే టెక్నికల్ కమిటీ ప్రొటెస్ట్ (ఫిర్యాదు) వేస్తుంది, మీ వాదన విని ప్రొటెస్ట్ కమిటీ తీర్పు చెబుతుంది.

ప్రొటెస్ట్ అనగానే పగ అనుకునేవాళ్లూ ఉన్నారు. తప్పు జరిగిందనిపిస్తే వెంటనే “ప్రొటెస్ట్” అని గట్టిగా అరవాలి. 6 మీటర్ల లోపు పడవకు ఎర్ర జెండా కూడా అక్కర్లేదు. తప్పు తనదే అనుకున్నవాళ్లు చాలా సందర్భాల్లో పడవను రెండు చుట్లు తిప్పి అక్కడికక్కడే తేల్చేసుకోవచ్చు.

అపోహ: ఎక్కువ రేసులు గెలిచినవాళ్లదే రెగట్టా.

మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి 2, ఇలా పాయింట్లు. తక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు. ఐదు రేసులు, ఒక చెత్త ఫలితం తీసేయొచ్చు అనుకుందాం. ఒక జట్టు 1, 1, 11, 9, 1 తెచ్చుకుంది. 11 తీసేస్తే మొత్తం 12. ఇంకో జట్టు 3, 2, 2, 3, 4. 4 తీసేస్తే 10. ఒక్క రేసూ గెలవని జట్టుదే కప్పు. మధ్యలో మానేసిన రేసు ఇంకా ఖరీదు: పేరు నమోదు చేసుకున్న పడవల సంఖ్యకు ఒకటి కలిపి మీ ఖాతాలో వేస్తారు. గాలి తగ్గినా, వెనకబడినా, ఫినిష్ లైన్ దాటండి.

వేరే క్లాస్ పడవలతో కలిసి దిగితే మిర్రర్‌కు గెలుపు ఆశే లేదన్న మాట కూడా ఇలాంటిదే. వేర్వేరు వేగాల పడవలను సమానంగా పోల్చడానికి బ్రిటన్ క్లబ్బుల్లో వాడే పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ లెక్కలో మిర్రర్ అంకె సుమారు 1390, దానికన్నా వేగంగా పోయే లేజర్ అనే డింగీది సుమారు 1100. పట్టిన సమయాన్ని ఆ అంకెతో భాగించి 1000తో గుణిస్తారు. లేజర్ 55 నిమిషాల్లో, మిర్రర్ 69 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే రెండింటికీ 50 నిమిషాలే వస్తుంది.

అపోహ: పాత చెక్క మిర్రర్ కొంటే చెదలుకు తిండి కొన్నట్టే.

చెదలు కాదు, భయపడాల్సింది కుళ్లుకు. అది ఉప్పునీటి కన్నా వాన నీటితోనే ఎక్కువ మొదలవుతుంది. కొనేముందు ముక్కు పలక, వెనక పలక హల్‌తో కలిసే మూలల్లో, డాగర్‌బోర్డ్ (నీళ్లలోకి నిలువుగా దించే పలక) పెట్టె అడుగున, పడవను తేల్చే మూసిన గాలి గదుల లోపలి అంచుల్లో సన్నని మొనతో నెమ్మదిగా పొడిచి చూడండి. మొన ఆగితే చెక్క బాగుంది. మెత్తగా దిగితే ఆ ముక్క కోసి కొత్తది అతకాలి, ఈ పడవకు అది చేయగల పనే. ఇప్పటికే మిర్రర్ ఉన్నవాళ్లు ఇంటికి రాగానే గాలి గదుల మూతలు విప్పి, మళ్లీ నీళ్లలోకి దించే రోజు దాకా తెరిచే ఉంచండి.