కొత్త నీటి అంచున

కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోయిందని సామెతలా వాడుతుంటాం. ఆ పాత నీటిలో ఉన్న చేపల సంగతి మాత్రం ఎవరూ అడగరు. హైదరాబాద్ శివారులోని హిమాయత్‌సాగర్ జలాశయం గేట్లు ఎత్తిన రోజున దిగువన విసురువలలతో గుమిగూడే జనాన్ని చూస్తే, జవాబు అందరికీ తెలిసినట్టే ఉంటుంది: చేపలన్నీ వరదలో కొట్టుకొస్తున్నాయి, దొరికించుకున్నవాడిది అదృష్టం. నిజానికి అలా కొట్టుకొచ్చేవి కొన్నే. అదే సమయంలో చాలా చేపలు సరిగ్గా ఎదురు దిక్కున, నిన్నటిదాకా గేదెలు మేసిన గడ్డిలో తిరుగుతుంటాయి.

ఈ సంగతి నాకు పుస్తకాలకంటే ముందు ఒక పెద్దాయన నేర్పారు. జలాశయం ఎగువ ఒడ్డున నిలబడి, గాలాన్ని చేతనైనంత దూరం విసురుతున్నాను. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా బెండు కదలలేదు. ఆయన కాసేపు చూసి, "చేపలను దాటేసి వేస్తున్నావు బాబూ" అన్నారు. మోకాలి లోతు కూడా లేని చోట, సగం మునిగిన తుమ్మ పొద పక్కన, వానపామును గుచ్చిన గాలాన్ని మెల్లగా దించారు. పావుగంటలో ఒక జెల్ల పడింది, ఆ వెనకే ఇంకొకటి. నా కాళ్ల పక్కనే ఉన్న చేపల కోసం నేను నాలుగు గంటలు చెరువు నడుమ వెతికాను.

కొంచెం లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. దక్కను పీఠభూమి మీది చెరువులు ఎక్కువగా తాంబాళాల లాంటివి, బావుల్లాంటివి కావు. వాటి ఒడ్డు నూరు అడుగులకు ఒక అడుగు చొప్పున వాలి ఉందనుకుందాం. నీటిమట్టం ఒక్క అడుగు పెరిగితే చాలు, అంచు నూరు అడుగులు వెనక్కి జరుగుతుంది. చేపల సంఖ్య మారలేదు, అవి తిరిగే చోటు మాత్రం ఒక్కసారిగా విస్తరించింది. "నీళ్లు నిండుగా ఉన్నాయి, చేపలే లేవు" అని గాలం వేసేవాళ్లు గొణుక్కోవడానికి సగం కారణం ఇదే.

మిగతా సగం తిండి. కొత్తగా మునిగిన నేల చేపకు పెళ్లి పందిరి లాంటిది. తడిసిన మట్టిలోంచి వానపాములు బయటపడతాయి, పుట్టలు మునిగి చీమలు తేలతాయి, మిడతలూ కీచురాళ్లూ గడ్డి కొనలకు ఎగబాకి, జారి నీళ్లలో పడతాయి. ఇది మొదటి రోజు విందు. తరువాత గడ్డి కుళ్లడం, ఎండిన పేడ నానడం మొదలవుతాయి. వాటిలోని పోషకాల మీద బాక్టీరియా, నాచు పెరుగుతాయి. వాటిని తిని కంటికి కనిపించీ కనిపించని నీటి పురుగులు పెరుగుతాయి, వాటి కోసం చేపపిల్లలు, పిల్లల కోసం పెద్ద చేపలు వస్తాయి. ఏటా వచ్చి పోయే వరదే నదికీ చుట్టుపక్కల నేలకూ నాడి లాంటిదని 1989లో ఉల్ఫ్‌గాంగ్ యుంక్, పీటర్ బెయ్‌లీ, రిచర్డ్ స్పార్క్స్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. వాళ్ల సిద్ధాంతంలో వరద నదికి వచ్చిన జబ్బు కాదు, ఊపిరి.

అమెరికాలో బాస్ చేపకు గాలం వేసేవాళ్లకు ఇది రోజువారీ పాఠం. పెద్ద నోటి బాస్ మన చేప కాదు, ఉత్తర అమెరికాది. పొంచి ఉండి మీదపడే రకం. అందుకే సరస్సు పొంగితే అది మునిగిన పొదల్లోకి చేరుతుంది, పడవలవాళ్లు లోతును వదిలి దాని వెనకే ఒడ్డుకు వస్తారు. ఇరవై రెండు పౌన్ల నాలుగు ఔన్సుల బాస్‌ను, అంటే పది కిలోలు దాటిన చేపను, జార్జ్ పెర్రీ 1932లో జార్జియా రాష్ట్రంలో పట్టాడు. ఆ రికార్డు ఈనాటికీ చెక్కుచెదరలేదు, 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దానికి సమవుజ్జీ ఒకటి దొరికిందంతే. పెర్రీ చేప దొరికిన మాంట్‌గొమరీ సరస్సు ఏమిటంటే, ఓక్ముల్గీ నది వదిలేసిపోయిన పాత వంపు. వరద మైదానంలో నది గీసిన గీత అన్నమాట.

వరద నీరు బురదమయం కదా, చేపకు ఎర ఎలా కనిపిస్తుంది? కనిపించనవసరం లేదు. చేప పక్కను దగ్గరగా చూడండి: మొప్ప వెనక నుంచి తోక దాకా సన్నని చుక్కల గీత ఒకటి సాగుతుంది. అదే పార్శ్వరేఖ. అక్కడి పొలుసుల రంధ్రాల కింద జిగురులో మునిగిన రోమకణాలు ఉంటాయి. పక్కనే ఏదైనా కదిలితే నీటి ఒత్తిడి మారి ఆ రోమాలు వంగుతాయి. దాని పని బారెడు దూరంలోపే, కానీ ఆ దూరంలో చీకటైనా బురదైనా ఒకటే. అందుకే అమెరికావాళ్లు బురద నీటిలో గిరగిరా తిరిగి నీటిని అదిలించే రేకుల ఎరలు వాడతారు. మనవాళ్లు వాసనను నమ్ముకుంటారు: తవుడు, పల్లిచెక్క కలిపిన ముద్ద. జెల్ల, వాలుగ లాంటి మీసాల చేపల మీసాల నిండా రుచి మొగ్గలే. నాకు మన పద్ధతే తెలివైనదనిపిస్తుంది, చవక కూడా.

అంచుకు రావడానికి మరో కారణం అలసట. నీటి వేగం రెట్టింపయితే ఒంటి మీద దాని తోపు నాలుగింతలవుతుంది. గడ్డి మధ్యనా రాళ్ల చాటునా ఆ వేగం ఉండదు, కాబట్టి చేప అక్కడ ఆగి, ప్రవాహం తెచ్చిపెట్టేది తింటుంది.

అయితే మత్తడి (చెరువు నిండితే నీరు పొర్లిపోయే గోడ) దూకేచోట చేపలు ఎందుకు ఎగురుతాయి? అది వేరే ఆరాటం. బొచ్చె, రవ్వ (ఆంధ్ర వైపు శీలావతి అంటారు) చెరువులో ఎంత పెరిగినా, కడుపులో గుడ్లు నిండినా, పారే కొత్త నీరు తగలనిదే సాధారణంగా గుడ్లు పెట్టవు. అందుకే ఒకప్పుడు చేపపిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవారు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు మెదడు కింద ఉండే పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి, వరద లేకుండానే గుడ్లు పెట్టించారు. జాతీయ మత్స్య రైతుల దినోత్సవం ఆ తేదీనే జరుపుకుంటాం. కానీ మత్తడి కిందికి చేరిన చేపకు ఆ సంగతి తెలియదు. అది ఎదురెక్కుతూనే ఉంటుంది, గోడ అడ్డొస్తే అక్కడే గుమిగూడుతుంది. వలలవాళ్లకు ఆ చోటు బంగారు గని, కాలు జారితే మనిషికి సుడిగుండం. గేట్ల కింద నిలబడి చేపలు పట్టడం ధైర్యమని నేననుకోను.

కొర్రమీనుకు ఈ ఎదురెక్కుడు బాధ లేదు. దానికి నిశ్చలమైన లోతులేని నీరే కావాలి. మునిగిన వరిమడిలో గడ్డిని పక్కకు నెట్టి గూడు చేసుకుంటుంది, గుడ్లు నీటి మీద తేలతాయి. పిల్లలు నారింజ రంగులో గుంపుగా తిరుగుతాయి, గాలి కోసం అన్నీ పైకి వచ్చినప్పుడు నీటి మీద చిటపటమని వాన చినుకులు పడినట్టుంటుంది. కింద తల్లిదండ్రులు కాపలా. మన తెలంగాణ రాష్ట్ర చేప ఇది. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదంతో మింగించేదీ దీని పిల్లనే.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది. తొలి వానకు నాలాల్లో పేరుకున్న మురుగంతా కదిలి చెరువుల్లో పడుతుంది. దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా నీటిలోని ప్రాణవాయువును వాడేస్తుంది. బొచ్చె, రవ్వ నోళ్లు తెరుచుకుని పైకి తేలితే అది వాటి ఆటకాదు, ఊపిరాడక. గాలి పీల్చే కొర్రమీను, మార్పు అనే మీసాల చేప మాత్రం తట్టుకుంటాయి. తట్టుకున్నంత మాత్రాన తినదగినవని కాదు, నగరం దాటిన మూసీలో పట్టిన చేప మా ఇంటి పొయ్యి ఎక్కదు.

ఆ పెద్దాయన రెండో పాఠం నాలుగు రోజుల తరువాత చెప్పారు. వాన ఆగింది, గేట్లు మాత్రం ఇంకా ఎత్తే ఉన్నాయి, నీరు తగ్గుతోంది. అదే తుమ్మ పొద దగ్గర గాలం వేయబోతుంటే ఆపారు. "రాత్రి అంచు జానెడు దిగింది. అవి వెళ్లిపోయాయి." మట్టం తగ్గడం మొదలైతే చేప ఆలస్యం చేయదు, తిండి వదిలైనా లోతుకు జారుకుంటుంది. నీరు దిగిన గుర్తు కోసం బురదలోకి వంగి చూశాను. గేదె గిట్ట దిగిన గుంటలో గ్లాసెడు నీళ్లు, అందులో వేలెడంత కొర్రమీను. అది పైకి వచ్చి, ఒక్క గుక్క గాలి పీల్చుకుని, మళ్లీ కిందికి దిగింది. పెద్దాయన తలపాగా సర్దుకున్నారు. "దాని సంగతి నీకెందుకు, రాత్రికి అదే పాక్కుంటూ పోతుంది" అన్నారు.