చివరి సెకనులో నొక్కితే ఇల్లు దక్కుతుందా? బ్యాంకు ఈ-వేలంపై అపోహలు - వాస్తవాలు

అప్పు తీరక బ్యాంకులు అమ్మకానికి పెట్టే ఇళ్లు, స్థలాల ఈ-వేలంలో పాల్గొనేవారికి పత్రాలు చూసిపెట్టడం, వేలం రోజున పక్కన కూర్చుని బిడ్డింగ్ పూర్తయ్యేవరకు తోడుండడం నా వృత్తి. వచ్చేవారిలో చాలామంది లింకు డాక్యుమెంట్ల (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజుల) గురించో, ఈసీ (ఆస్తిపై ఉన్న తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) గురించో అడగరు, ముందుగా అడిగేది “చివర్లో ఎన్ని సెకన్లు ఉండగా నొక్కాలండీ?” అని. ఏదో వీడియోలో చూశామంటారు, లేదా అమెరికాలో ఉన్న అబ్బాయి ఈబే అనే వేలం సైటులో అలాగే కెమెరా కొన్నాడంటారు. జీవితకాలపు పొదుపుతో వచ్చినవారి భయం నాకు అర్థమవుతుంది కాబట్టి వారిమీద కోపం రాదు. వేలం ప్రకటన ఒక్కసారైనా చదవకుండా చిట్కాలు పంచిపెట్టేవారి మీద మాత్రం వస్తుంది.

అపోహ: గడువు ముగిసే క్షణం వరకు ఆగి, చివరి సెకనులో బిడ్ వేస్తే ఎదుటివారికి స్పందించే వ్యవధి ఉండదు కాబట్టి ఆస్తి తక్కువ ధరకే మనదవుతుంది.

వాస్తవం: బ్యాంకు ఈ-వేలాలు దాదాపుగా అన్నీ ఆటో ఎక్స్‌టెన్షన్ నిబంధనతోనే నడుస్తాయి. ముగింపు సమయానికి ముందున్న 5 లేదా 10 నిమిషాల్లో ఎవరు బిడ్ వేసినా గడువు మళ్లీ అన్ని నిమిషాలు జరుగుతుంది. ఆ పొడిగింపులో ఇంకొకరు వేస్తే మరోసారి జరుగుతుంది. ప్రకటనలో “అపరిమిత పొడిగింపులు” అని ఉంటే, పూర్తి వ్యవధి ఎవరూ బిడ్ వేయకుండా గడిచినప్పుడే వేలం ముగుస్తుంది. అంటే ఒంటిగంటకు ముగియాల్సిన వేలంలో 12 గంటల 59 నిమిషాల 58వ సెకనులో మీరు నొక్కిన బిడ్డు ఎదుటివారి నోరు మూయించదు. తీరిగ్గా ఆలోచించుకుని జవాబివ్వడానికి వారికి మరో 5 నిమిషాలు ఇస్తుంది. ఊళ్లో రచ్చబండ దగ్గర వేలం పాట పాడినప్పుడు “ఒకటోసారి, రెండోసారి” అన్నాక ఎవరైనా గొంతు విప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైనట్టే ఇదీ. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయల దగ్గర మొదలై 2024లో 30 లక్షల పైచిలుకుకు చేరిందంటే, అక్కడ ఎవరూ గడియారం చూసి గెలవలేదు. ఎదుటివారు ఇక చాలనుకునేవరకు పాడినవారే గెలిచారు.

మరి ఈ చిట్కా ఎక్కడి నుంచి వచ్చింది? పుట్టినచోట అది అబద్ధం కాదు. ఈబేలో వేలం నిర్ణీత సెకనుకు ముగుస్తుంది, ఎవరు బిడ్ వేసినా గడువు కదలదు. పైగా అక్కడ మీరు ఇవ్వదలచిన గరిష్ఠ మొత్తాన్ని ముందే నమోదు చేస్తే, పోటీని దాటడానికి అవసరమైనంత మేరకే వ్యవస్థ మీ తరఫున ధర పెంచుతూ పోతుంది. ఎదుటివారు తమ గరిష్ఠాన్ని సవరించుకునే లోపే గడువు తీరిపోయేలా చివర్లో బిడ్ వేయడం అక్కడ అనుభవజ్ఞుల పద్ధతి. ఒకప్పుడు అమెజాన్ కూడా వేలాలు నడిపింది. అయితే అక్కడ చివరి 10 నిమిషాల్లో బిడ్ పడితే గడువు పెరిగేది. ఈ రెండింటినీ పోల్చి, ఆర్థికవేత్తలు ఆల్విన్ రాత్ (తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్నారు), ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. చివరి నిమిషపు బిడ్లు ఈబేలో ఎక్కువగానూ, అమెజాన్‌లో తక్కువగానూ కనిపించాయి. అనుభవం పెరిగేకొద్దీ ఈబే కొనుగోలుదారులు ఆలస్యంగా వేయడానికి మొగ్గితే, అమెజాన్ కొనుగోలుదారులు అందుకు విరుద్ధంగా నడిచారు. నిబంధన మారగానే తెలివి కూడా మారిందన్నమాట. మన బ్యాంకు వేలం ఈ విషయంలో నాటి అమెజాన్ కోవకు చెందినది. ఈబే చిట్కాను తెచ్చి ఇక్కడ అతికిస్తే అతకదు.

ఆగడం వల్ల లాభం లేకపోతే పోనీ, నష్టం కూడా ఉంది. గోడ గడియారమో, చేతిలో ఫోనో చూపే సమయానికి, పోర్టల్ సర్వరు సమయానికి మధ్య కొన్ని సెకన్ల తేడా ఉండవచ్చు. చెల్లేది సర్వరు సమయమే. చాలాసేపు కదలిక లేకపోతే లాగిన్ దానంతటదే తెగిపోయి, మళ్లీ లోపలికి వెళ్లడానికి క్యాప్చా, ఓటీపీ అడగవచ్చు. మొత్తం టైపు చేశాక “ఈ బిడ్‌ను నిర్ధారిస్తున్నారా” అని ఇంకో పెట్టె తెరుచుకుంటుంది. కంగారులో ఒక సున్నా ఎక్కువ పడినా చూసుకునే తీరిక ఉండదు, నిర్ధారించిన బిడ్‌ను వెనక్కి తీసుకునే వీలూ ఉండదు. మీ ఇంట్లో కరెంటు పోయినా, నెట్ ఆగినా బ్యాంకుకు గానీ, పోర్టల్ నడిపేవారికి గానీ బాధ్యత లేదని వేలం షరతుల్లో స్పష్టంగా రాసే ఉంటుంది. ఇంకొకరు బిడ్ వేస్తేనే గడువు జరుగుతుంది తప్ప, మీ తెర గడ్డకట్టిందని జరగదు.

అసలు ఖరీదైన దెబ్బ తగిలేది మాత్రం పొడిగింపుల్లోనే. మియాపూర్ వైపు ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కోసం విశ్రాంత ఉపాధ్యాయులొకరు అల్లుడితో కలిసి వచ్చారు. రిజర్వు ధర (పాట మొదలయ్యే కనీస ధర) 46 లక్షలు, ఈఎండీ (పాల్గొనడానికి ముందే కట్టే ధరావతు) 4 లక్షల 60 వేలు, ఇంక్రిమెంట్ (ఒక్కో బిడ్‌కు పెంచే మెట్టు) 25 వేలు, పొడిగింపు 5 నిమిషాలు. 52 లక్షలు దాటకూడదని మేమంతా ముందురోజే అనుకుని, మాస్టారు ఆ అంకెను తన చేతిరాతతో కాగితం మీద వేసి కీబోర్డు పక్కన పెట్టుకున్నారు. అల్లుడు మాత్రం ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని, చివరి 10 సెకన్ల వరకు ఎవరినీ మౌస్ తాకనివ్వలేదు. అప్పటికి ఒకే ఒక్క పాటదారు 46 లక్షల 25 వేలకు బిడ్ వేసి ఊరుకున్నాడు. మా బిడ్డు పడింది. తెరమీద ఆకుపచ్చ అక్షరాలతో హెచ్-1, అంటే అందరికంటే ఎక్కువ బిడ్ మాదేనని వచ్చింది. అల్లుడు కుర్చీలోంచి లేచాడు. ఆ పక్కనే ఎర్రటి అంకెల్లో మిగిలిన సమయం మళ్లీ 5 నిమిషాల దగ్గర మొదలైన సంగతి అతను ఒక క్షణం ఆలస్యంగా గమనించాడు. అవతలివాడు 3 నిమిషాలు ఆగి ఇంకో 25 వేలు పెంచాడు.

అక్కడి నుంచి జరిగింది ఏ పాటలోనైనా జరిగేదే. ప్రతి మెట్టూ 25 వేలే కాబట్టి ఒక్కొక్కటీ చిన్నదిగా కనిపిస్తుంది. “ఇంతదూరం వచ్చాం, ఇంకొక్కటి” అన్న మాట గదిలో వినిపించడం మొదలైతే ముందురోజు రాసుకున్న కాగితం ఎవరికీ కనబడదు. 52 లక్షలు దాటినప్పుడు నేను కాగితం మీద వేలు పెట్టి చూపించాను. మాస్టారు తలపట్టుకున్నారు, అల్లుడు నొక్కాడు. మధ్యాహ్నం మూడు కావస్తుండగా 57 లక్షల 25 వేలకు ఫ్లాటు వారిదైంది. ధరలో వెంటనే కట్టాల్సిన 25 శాతంలో ఈఎండీ పోను, మర్నాడు సాయంత్రంలోగా కట్టవలసింది 9 లక్షల 71 వేలు. అది అప్పు చేసి కట్టారు. మిగిలిన దాదాపు 43 లక్షల కోసం ఆశ్రయించిన గృహరుణం, బ్యాంకు విలువ కట్టించిన ధరను బట్టి మంజూరైంది తప్ప, పాట పాడిన ధరను బట్టి కాదు. చివరికి రాతపూర్వకంగా గడువు పెంచమని అడిగి, ఊళ్లో ఉన్న ఇంటిస్థలం తొందరపాటు ధరకు అమ్మి గండం గట్టెక్కారు. ఇంట్లో చేరారు, అదొక్కటే ఊరట.

ఆ తొందర ఎందుకంటే, బాకీ తీరని ఆస్తులను బ్యాంకులే అమ్ముకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం నిబంధనలు బేరానికి చోటివ్వవు. 2002 నాటి సెక్యూరిటీ ఇంటరెస్ట్ నిబంధనల్లోని 9వ నిబంధన ప్రకారం హెచ్-1గా నిలిచినవారు ఈఎండీతో కలిపి ధరలో 25 శాతాన్ని అదే రోజు, లేదా ఆలస్యమైతే మరుసటి పనిదినం నాటికి కట్టాలి. మిగిలిన మొత్తం విక్రయం ఖరారైన 15వ రోజుకు కట్టాలి. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెరుగుతుంది గానీ, ఎంత పెరిగినా 3 నెలలు మించకూడదు. కట్టలేకపోతే అప్పటివరకు కట్టినదంతా జప్తవుతుంది, ఆస్తి మళ్లీ వేలానికి వెళుతుంది. “మరీ అంత సొమ్ము ఉంచుకోనివ్వరులే, కోర్టుకు వెళ్తే వస్తుంది” అనే ధీమా కొందరిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ధీమాను కొట్టిపారేసింది. 12 కోట్లకు పైగా పాడి, 25 శాతం కట్టి, మిగతాది కట్టలేకపోయిన కొనుగోలుదారు కేసులో ఆ 25 శాతాన్ని పూర్తిగా జప్తు చేయడం చెల్లుతుందని, నష్టపరిహారానికి సంబంధించిన కాంట్రాక్టు చట్టంలోని 73, 74 సెక్షన్లు దీనికి వర్తించవని తీర్పు చెప్పింది.

కాబట్టి నేను అడిగే ప్రశ్న ఎప్పుడు నొక్కుతారని కాదు, ఎక్కడ ఆగుతారని. ఆ అంకె వేసేటప్పుడు ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఏడున్నర శాతం దాకా అయ్యే రిజిస్ట్రేషన్ ఖర్చు, ఆస్తిపన్ను, కరెంటు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ బకాయిలు అన్నీ లెక్కలోకి రావాలి. బ్యాంకు చేతిలో ఉన్నది కాగితం మీది స్వాధీనమా, తాళం చేతికొచ్చిన భౌతిక స్వాధీనమా అన్నదీ చూడాలి. లోపల పాత యజమాని కాపురముంటే, జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చి ఖాళీ చేయించేసరికి నెలలు గడుస్తాయి. ఆ నెలల అద్దె, వడ్డీ మీ ధరలో భాగమే. అంకె తేలాక వేలం మొదలైన మొదటి అరగంటలోనే ఒక బిడ్ వేసి, లాగిన్, ఇంక్రిమెంట్, నిర్ధారణ పెట్టె అన్నీ సవ్యంగా పనిచేస్తున్నాయో లేదో చూసుకోమంటాను. ముందే వేస్తే మన ఆసక్తి బయటపడి ధర పెరిగిపోతుందని బెంగపడేవారున్నారు. ఎదుటివారికి ఆ ఆస్తి కావాలనుకుంటే చివరి సెకనులో వేసినా పెరుగుతుంది, వద్దనుకుంటే మొదటి నిమిషంలో వేసినా పెరగదు. 2023 ఆగస్టులో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నడిపిన కోకాపేట నియోపోలిస్ ఈ-వేలంలో ఎకరానికి 35 కోట్ల కనీస ధరతో మొదలైన ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు వెళ్లిందంటే, అది ఎవరో ఆఖరి సెకనులో మీట నొక్కినందువల్ల కాదు; పోటీదారులు వెనక్కి తగ్గనందువల్ల.

ఒక మినహాయింపు చెప్పకపోతే న్యాయం కాదు. పొడిగింపులు ఇన్నిసార్లే అని పరిమితి పెట్టిన ప్రకటన మీ చేతికి వస్తే, ఆఖరి పొడిగింపు ముగిసే క్షణానికి నిజంగానే విలువ ఉంటుంది. అటువంటిచోట కూడా నేను ఒక నిమిషం ముందే వేయిస్తాను, ఎందుకంటే సర్వరుకు చేరని బిడ్డుకు ఏ విలువా లేదు.

మిగిలిన పుకార్లను త్వరగా చూద్దాం. బిడ్ వేసే సాఫ్ట్‌వేర్ అమ్ముతామని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. మీ లాగిన్, పాస్‌వర్డ్ పరాయివాడి చేతికివ్వడం తప్ప అందులో ఏమీ లేదు. ఓడినవారి ఈఎండీ మునిగిపోతుందన్నది పచ్చి అబద్ధం. వడ్డీ రాదు గానీ, అసలు తిరిగొస్తుంది. రెండు మూడు రోజులు ఆలస్యమైతే, బ్యాంకు తరఫున వేలం నడిపే అధీకృత అధికారికి మెయిల్ పెట్టండి, భయపడకండి. బ్యాంకు అమ్ముతోంది కాబట్టి టైటిల్‌కు (యాజమాన్య హక్కుకు) ఢోకా లేదనేవారు “ఉన్నది ఉన్నట్టుగా, ఎక్కడున్నది అక్కడే” అన్న షరతును చదవలేదు. పూర్వపు బకాయిలు, వివాదాలు విచారించుకోవలసిన భారం కొనేవారిదే.

పాత యజమాని ఆఖరి నిమిషంలో డబ్బు కట్టి ఆస్తి వెనక్కి తీసుకుంటాడేమోనన్న భయం గెలిచినవారిని నిద్రపోనివ్వదు. 2016లో సవరించిన సర్ఫేసీ చట్టం 13(8) సెక్షన్ ప్రకారం వేలం ప్రకటన ప్రచురితమయ్యేంత వరకే ఆ హక్కు ఉంటుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే వేలం జరిగిన తీరును డీఆర్‌టీలో (రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌లో) సవాలు చేసే హక్కు రుణగ్రహీతకు వేరుగా ఉంటుంది, అదే చట్టం 17వ సెక్షన్ కింద అందుకు 45 రోజుల గడువు ఉంది. అందుచేత డబ్బు మొత్తం కట్టడానికి ముందు డీఆర్‌టీలో ఆ ఆస్తిపై కేసు నడుస్తోందా, స్టే ఏమైనా ఉందా అని అధీకృత అధికారిని రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.