గీతల మధ్య సందులో భిన్నాల తీసివేత

"3/4లోంచి 1/3 తీసేయడానికి అంత హైరానా ఎందుకు? పైదాన్లోంచి పైది, కిందిదాన్లోంచి కిందిది తీసేస్తే పోలా?" పిల్లలు తరచూ వేసే ప్రశ్నే ఇది. సరే, తీసేసి చూద్దాం. 3లోంచి 1 పోతే 2, 4లోంచి 3 పోతే 1. జవాబు 2/1, అంటే రెండు. ముప్పావుగంటలోంచి ఇరవై నిమిషాలు ఖర్చుపెడితే రెండు గంటలు మిగిలాయన్నమాట! అదే పద్ధతిలో 1/2లోంచి 1/3 తీస్తే పైన సున్నా వస్తుంది. అంటే అరగంటా ఇరవై నిమిషాలూ ఒకటే.

తప్పని చెప్పడం తేలికే. హారాలు వేరైనప్పుడు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండు హారాలూ శేషం లేకుండా భాగించే అతి చిన్న సంఖ్య) ఎందుకు కట్టాలో చెప్పేవాళ్లే తక్కువ. అడ్డ గుణకారం నేర్పించి, మార్కులు వేసి, తర్వాతి పాఠానికి వెళ్లిపోతారు. కారణం మాత్రం గడియారం ముఖం మీదే కనిపిస్తుంది.

గంటను నాలుగు భాగాలు చేస్తే గీతలు 15, 30, 45 నిమిషాల దగ్గర పడతాయి. మూడు భాగాలు చేస్తే 20, 40 దగ్గర. రెండు రకాల గీతలనూ ఒకే డయల్ మీద గీసి, పావు గీతకూ మూడోవంతు గీతకూ మధ్య సందులు కొలవండి. 15కూ 20కూ మధ్య 5. 30కూ 20కూ మధ్య 10. 45కూ 20కూ మధ్య 25. ఏ సందు తీసుకున్నా 5 నిమిషాల ముక్కలతో సరిగ్గా నిండుతుంది, అంతకన్నా చిన్న సందు ఎక్కడా దొరకదు. 5 నిమిషాలంటే గంటలో 1/12. క.సా.గు. 12 అవడమంటే ఇదే. 3/4 − 1/3 అంటే ఆ 25 నిమిషాల సందు: ఐదు ముక్కలు, 5/12.

ఇప్పుడు పావు గీతల పక్కన ఆరోవంతు గీతలు పెట్టండి: 10, 20, 30, 40, 50. హారాలను గుణిస్తే 24. గంటలో 1/24 అంటే రెండున్నర నిమిషాలు. అంత చిన్న సందు కోసం వెతకండి, ఉండదు. 10కూ 15కూ మధ్య మళ్లీ ఐదే! 4నూ 6నూ 2 భాగిస్తుంది కాబట్టి 30 దగ్గర రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కొలిచే ముక్క రెట్టింపైంది. 24తో చేసినా లెక్క తప్పదు, 3/4 − 1/6 = 14/24 అని వస్తుంది. తర్వాత దాన్ని 7/12గా కుదించుకోవాలి, అంతే. 9వ శతాబ్దంలో గణితసారసంగ్రహం రాసిన మహావీరాచార్యుడు క.సా.గు. వాడి ఈ అదనపు చాకిరీ తప్పించాడు.

గడియారంలో ఇదంతా హాయిగా సాగడానికి కారణం 60ని 2, 3, 4, 5, 6 అన్నీ భాగించడమే. ఏడోవంతు అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తుంది: 8 నిమిషాల 34 సెకన్లు, ఆ పైన ఇంకాస్త.

ఈ సందునే పనిముట్టుగా మార్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ వెర్నియర్, 1631లో. చిన్న పొడవులు కొలిచే మామూలు వెర్నియర్ కాలిపర్స్‌లో 9 మిల్లీమీటర్ల పొడవును జారే స్కేలు మీద 10 భాగాలు చేస్తారు. ఒక్కో భాగం 9/10 మి.మీ. పక్కనున్న ప్రధాన స్కేలు భాగం 1 మి.మీ. తేడా 1/10. రెండు సున్నాలూ కలిసి ఉన్నప్పుడు జారే స్కేలు మొదటి గీత 0.1 మి.మీ. వెనకబడి ఉంటుంది, రెండోది 0.2, మూడోది 0.3. స్కేలును 0.3 మి.మీ. జరిపితే సరిగ్గా మూడో గీతే ఎదుటి గీతతో కలుస్తుంది. కంటితో అంచనా కట్టలేని పొడవును కలిసిన గీత నంబరు చూసి చదివేస్తాం. 49 మి.మీ.లను 50 భాగాలు చేస్తే తేడా 1/50, అంటే 0.02 మి.మీ. వరకూ చదవొచ్చు.