జార్ క్యాండిల్ మొరాయిస్తోందా? ముందు ఒత్తిని అనుమానించండి

ఇంట్లో జార్ క్యాండిల్స్ చేసేవాళ్లు నాకు ఫోటోలు పంపుతుంటారు. మధ్యలో ఒత్తి చుట్టూ లోతుగా గొయ్యి, గోడలకు కరగకుండా మిగిలిపోయిన మైనం. లేదంటే జార్ అంచుకు నల్లగా మసి. ఫోటో కింద ప్రశ్న మాత్రం దాదాపు ఒకటే: "ఈ ఫ్రాగ్రెన్స్ మంచిది కాదేమో, వేరేది ఏం కొనమంటారు?" లేదా "సోయా వదిలేసి ఇంకో మైనానికి మారిపోనా?" చాలాసార్లు కొనాల్సింది ఆ రెండూ కావు. మార్చాల్సింది ఒత్తి. డబ్బంతా మైనానికి, ఫ్రాగ్రెన్స్‌కే పోతుంది కాబట్టి అనుమానమూ వాటి మీదికే వెళ్తుంది. జార్‌లో అన్నిటికంటే చవకైన వస్తువు వైపు ఎవరూ చూడరు.

తరచూ వినే అపోహల్ని ఒక్కొక్కటిగా చూద్దాం. కొన్నిటికి రెండు ముక్కలు చాలు, కొన్నిటికి కాస్త ఓపిక కావాలి.

అపోహ: ఫ్రాగ్రెన్స్ ఎంత ఎక్కువ పోస్తే వాసన అంత బాగా వస్తుంది.

మైనం పట్టి ఉంచుకోగలిగే ఫ్రాగ్రెన్స్ నూనెకు ఒక హద్దు ఉంది. జార్ క్యాండిల్స్ కోసం అమ్మే సోయా వాక్స్‌లలో, అంటే సోయా నూనెతో చేసే మైనాల్లో, చాలావాటికి అది మైనం బరువులో 10 శాతం దగ్గర ఉంటుంది, కొన్నిటికి ఇంకా తక్కువ. అమ్మినవాళ్లు ఇచ్చే వివరాల్లో ఆ అంకె ఉంటుంది, చూసుకోండి. 6 నుంచి 8 శాతంతో మొదలుపెడితే సరిపోతుంది. హద్దు దాటి పోస్తే మిగిలిన నూనె పైన చెమట పట్టినట్టు చుక్కలుగా తేలుతుంది, లేదా జార్ అడుగుకు చేరుతుంది.

అసలు దెబ్బ వెలిగించాక తెలుస్తుంది. క్యాండిల్‌లో మండేది ఒత్తి కాదు, గడ్డ మైనమూ కాదు, మైనం ఆవిరి. ఇప్పుడే ఆర్పిన క్యాండిల్ నుంచి లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపించండి. మంట ఆ పొగ వెంటే దిగి వచ్చి ఒత్తిని మళ్లీ అంటుకుంటుంది. కరిగిన మైనాన్ని పైకి లాగి మంటకు అందించడమే ఒత్తి పని. ఫ్రాగ్రెన్స్ నూనెల్లో కొన్ని బరువుగా ఉంటాయి, అంత తేలిగ్గా ఆవిరి కావు. అవి ఎక్కువయ్యేకొద్దీ లాగడం ఒత్తికి కష్టమవుతుంది, మంట చిన్నబోతుంది, చుట్టూ కరిగే మడుగు చిన్నదవుతుంది. గదిలోకి వాసన ఎక్కువగా వచ్చేదేమో ఆ మడుగు మీది నుంచే. అంటే ఫ్రాగ్రెన్స్ పెంచి వాసన తగ్గించుకున్నట్టు.

కొలత దగ్గర కూడా చాలామంది తప్పటడుగు వేస్తారు. 200 మి.లీ. జార్‌లో 200 గ్రాముల మైనం పట్టదు. మైనం నీళ్లకంటే తేలిక, అంచుదాకా పోసినా 170 గ్రాముల చుట్టుపక్కలే పడుతుంది. పైన కాస్త ఖాళీ వదిలితే 150 అనుకోండి. దానికి 8 శాతం అంటే 12 గ్రాములు. 12 మి.లీ. కాదు, స్పూన్ల లెక్క అసలే కాదు. ఒక్కో నూనె సాంద్రత ఒక్కో రకం కాబట్టి తక్కెడ మీద పెట్టి తూచాల్సిందే.

మూత తీయగానే గుప్పుమని, వెలిగిస్తే ఏమీ రాని క్యాండిల్స్ ఉంటాయి. అక్కడ ఫ్రాగ్రెన్స్ ఉంది, బయటికి తెచ్చే వేడే లేదు. ఒక సైజు పెద్ద ఒత్తి వేసి చూడండి. ఇంకో మాట, పొద్దుటినుంచి అదే నూనె కలుపుతూ కూర్చున్న మనిషికి ఆ వాసన తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. తీర్పు చెప్పడానికి బయటి నుంచి వచ్చినవాళ్లను పిలవండి.

అపోహ: మొదటిసారే మైనం అంచులదాకా కరగాలి. లేకపోతే ఆ క్యాండిల్ పని అయిపోయినట్టే.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఇది ఇంతగా పాతుకుపోయింది. వెలిగించి అరగంటకే ఆర్పేస్తే మధ్యలో చిన్న గుంత పడుతుంది, మళ్లీ వెలిగించినప్పుడు మంట ఆ గుంతలోకే దిగుతుంది. అందుకే జార్ వెడల్పు ప్రతి 2.5 సెం.మీ.కి ఒక గంట చొప్పున మొదటిసారి వెలగనివ్వమంటారు. 7.5 సెం.మీ. జార్‌కు మూడు గంటలు. మంచి లెక్కే.

కానీ చేసేవాళ్లు దీన్ని ఇంకో రకంగా అర్థం చేసుకుంటారు. మొదటి గంటలోనే కరిగిన మైనం అంచు తాకాలని పెద్ద ఒత్తి వేసేస్తారు. మంట జార్ పైభాగంలో ఉన్నప్పుడు వేడి చాలావరకు గాలిలోకి పోతుంది. కిందికి దిగేకొద్దీ గాజు గోడలు ఆ సెగను పట్టి ఉంచుతాయి, లోపల వేడి పెరుగుతుంది. పైన ఉన్నప్పుడే గంటలో అంచుదాకా కరిగించిన ఒత్తి, సగం జార్ దాటాక మరీ చెలరేగుతుంది: మంట ఎత్తుగా లేస్తుంది, గాజు ముట్టుకోలేనంత కాలుతుంది. మొదటి విడతలో అంచున సన్నటి మైనం వలయం మిగిలితే నాకేమీ టెన్షన్ ఉండదు. సగం జార్ అయ్యేసరికి అది దానంతటదే కరిగి కలిసిపోతే ఆ ఒత్తి సరైనదే. అప్పటికీ కరగకపోతే ఒత్తి చిన్నది.

గొయ్యి పడిన క్యాండిల్‌ను పారేయకండి. అల్యూమినియం ఫాయిల్‌ను జార్ మూతికి చుట్టి, మధ్యలో మంటకు గాలి ఆడేలా రంధ్రం వదిలి కాసేపు వెలిగిస్తే అంచుల మైనం కరిగి సమం అవుతుంది. పక్కనే ఉండి చూసుకోవాలి, ఆర్పాక ఫాయిల్ చల్లారేదాకా ముట్టుకోకూడదు.

అపోహ: చార్ట్ చూసి ఒత్తి కొంటే ఇక పరీక్ష అక్కర్లేదు.

ఏ వెడల్పు జార్‌కు ఏ సైజు ఒత్తి అని చెప్పే ఆ చార్ట్ మొదలుపెట్టడానికే. అందులో చెప్పే వెడల్పు జార్ లోపలి వెడల్పు, బయటిది కాదు. మందపాటి గాజైతే ఆ తేడాకే ఒత్తి సైజు మారిపోవచ్చు. పైగా ఒత్తుల్లో సీడీ, ఈకో, ఎల్ఎక్స్ అని రకరకాల సిరీస్‌లు ఉన్నాయి, ఒకదాని నంబరుకు ఇంకొకదాని నంబరుతో సంబంధం లేదు. సీడీ 10 బాగా వెలిగిందని ఈకో 10 తెచ్చుకుంటే అది వేరే ఒత్తే. ఫ్రాగ్రెన్స్ మార్చినా లెక్క మారుతుంది: అదే జార్, అదే మైనం, అదే శాతం ఉన్నా ఒక వాసనకు కుదిరిన ఒత్తి మరో వాసనలో నీరసంగా వెలుగుతుంది. జార్ బాగా వెడల్పుగా ఉంటే ఒక లావు ఒత్తికంటే రెండు సన్నవి మేలు.

పరీక్ష ఇలా చేయండి. ఒకే రకం జార్‌లు మూడు తీసుకుని, ఒకే గిన్నెలో కలిపిన మైనం పోసి, వరుసగా మూడు సైజుల ఒత్తులు వేయండి. వెలిగించే ముందు ప్రతి జార్‌ను తూచి రాసుకోండి. నాలుగు గంటలు వెలిగించండి. ఆర్పే ముందు మడుగు లోతు చూడండి, 6 నుంచి 12 మి.మీ. మధ్య ఉంటే బాగున్నట్టు. మంట నిలకడగా ఉందా, ఎగిరెగిరి పడుతోందా, పొగ వస్తోందా రాసుకోండి. పూర్తిగా చల్లారాక మళ్లీ తూచండి, ఎన్ని గ్రాములు కాలిందో తెలుస్తుంది. ఒత్తి కత్తిరించి మళ్లీ నాలుగు గంటలు. ఇలా జార్ అడుగుదాకా చేయాలి. ఒక్కరోజు వెలిగించి బాగుందని తేల్చేస్తే కింది సగంలో ఏం జరుగుతుందో తెలియనట్టే. ఒత్తి, మైనం, ఫ్రాగ్రెన్స్ మూడూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో ఎవరూ చెప్పలేరు, ఒక్కసారికి ఒక్కటే.

అపోహ: మసి పారాఫిన్‌కే వస్తుంది. సోయాకు రాదు.

పారాఫిన్ అంటే పెట్రోలియం నుంచి తీసే మైనం. మసి ఏ మైనానికైనా వస్తుంది. మంటకు అందే ఆవిరి పూర్తిగా కాలకపోతే మిగిలేదే మసి. ఒత్తి పొడుగైనా, లావైనా, ఫ్యాన్ గాలికి మంట ఊగినా సోయా కూడా జార్‌ను నల్లగా చేస్తుంది. సరైన ఒత్తితో నిలకడగా వెలిగే మంచి పారాఫిన్ చాలా శుభ్రంగా కాలుతుంది. సోయా వాడండి, నాకూ ఇష్టమే, కానీ మసి రాదనే నమ్మకంతో కాదు.

ఒత్తి కొసన నల్లగా పుట్టగొడుగులా కొడి కడుతుంటే కాలగలిగినదానికంటే ఎక్కువ మైనం పైకి వస్తోందని అర్థం. నాలుగు గంటల చివర్లో కొద్దిగా కడితే పర్వాలేదు. గంటకే పెద్దది కడితే ఒక సైజు తగ్గించండి, లేదా ఫ్రాగ్రెన్స్ తగ్గించండి. వెలిగించే ప్రతిసారీ ముందుగా, చల్లారిన ఒత్తిని 5, 6 మి.మీ. ఎత్తుకు కత్తిరించాలి. మడుగులో రాలిన కొడి ముక్కలు తీసేయండి, అవి కూడా అంటుకుంటాయి.

ఇంట్లో దొరికిన నూలు దారం మైనంలో ముంచి వేస్తే చాలదా అని అడుగుతారు. వెలుగుతుంది, కాసేపు. పేనిన దారం మంట మధ్యలో నిటారుగా నిలబడి కాలక కొడి కడుతూ పోతుంది. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన అల్లిన ఒత్తిని తెచ్చేదాకా క్యాండిల్ ఒత్తుల్ని అస్తమానం కత్తిరిస్తూ ఉండాల్సి వచ్చేది. అల్లిన ఒత్తి కాలేకొద్దీ వంగి, దాని కొస మంట అంచుకు చేరి అక్కడ బూడిదవుతుంది.

లోహపు తీగ ఉన్న ఒత్తుల్లో సీసం ఉంటుందనే భయం పాతకాలం నాటిది. అమెరికా 2003లో సీసం తీగ ఒత్తుల్ని నిషేధించింది. తెలిసిన సరఫరాదారులు అమ్మే తీగ ఒత్తుల్లో ఉండేది జింకో, తగరమో.

అపోహ: ఫ్రాగ్రెన్స్ ఫ్లాష్ పాయింట్ 70 డిగ్రీలైతే అంతకంటే వేడి మైనంలో పోస్తే వాసనంతా ఎగిరిపోతుంది.

ఫ్లాష్ పాయింట్ అంటే ఆ నూనె మీది ఆవిరికి నిప్పు చూపిస్తే గుప్పున అంటుకునే వేడి. నిల్వకు, రవాణాకు పనికొచ్చే అంకె అది. వాసన ఎప్పుడు పోతుందో చెప్పదు. చాలా సోయా వాక్స్‌లకు 80 నుంచి 85 డిగ్రీల దగ్గర ఫ్రాగ్రెన్స్ పోసి, రెండు నిమిషాలు నెమ్మదిగా కలపమంటారు. చల్లబడ్డాక పోస్తే సరిగా కలవదు, తర్వాత అడుగున నూనె చేరేది అందుకే. ఫ్రాగ్రెన్స్ పోశాక గిన్నెను స్టవ్ మీదే గంటలకొద్దీ తెరిచి ఉంచితే మాత్రం వాసన నిజంగానే పోతుంది.

అపోహ: పైన తెల్లటి పొర, గాజుకు మరకలు వచ్చాయంటే మైనం చెడిపోయింది.

సోయా మీద మంచులా తెల్లగా పట్టేది ఆ మైనంలోని కొవ్వు స్ఫటికాలు సర్దుకోవడం వల్ల. వెలగడానికి అడ్డు కాదు. గాజు లోపలి తడి మరకల్లాంటివి తడి కాదు, అక్కడ మైనం గాజును వదిలేసింది, అంతే. జార్ కాస్త వెచ్చబెట్టి, నెమ్మదిగా చల్లారనిస్తే తగ్గుతాయి. వాతావరణం మారితే మళ్లీ వస్తాయి కూడా. దీనికోసం నిద్ర పాడుచేసుకునేకంటే రంగు జార్ వాడుకోవడం నయం.

పట్టించుకోవాల్సింది ఒత్తి పక్కన లోపల ఏర్పడే బొరియల్ని. మైనం చల్లారుతూ కుంచించుకుంటుంది, పారాఫిన్ మరీ. పైన పొర గట్టిపడి లోపల ఖాళీ మిగిలిపోతే, మంట అక్కడికి చేరినప్పుడు మడుగు ఒక్కసారిగా లోపలికి జారి ఒత్తి పొడుగ్గా మిగులుతుంది. సగం గట్టిపడ్డాక పుల్లతో ఒత్తి చుట్టూ పొడిచి చూడండి. ఖాళీ ఉంటే, తీసి ఉంచుకున్న మైనాన్ని ఇంకాస్త వేడిగా పోసి నింపండి.

అపోహ: గట్టిపడింది కదా, వెలిగించి వాసన చూసేయొచ్చు.

పారాఫిన్‌కు రెండు మూడు రోజులు, సోయాకు రెండు వారాలు మూతపెట్టి ఉంచండి. పోసిన మర్నాడే వెలిగించి ఫ్రాగ్రెన్స్‌ను తిట్టుకోవడం అన్యాయం.

అపోహ: నూనె, రంగు, వాసన ఏదైనా మైనంలో కలుస్తుంది.

ఒంటికి కొట్టుకునే పెర్‌ఫ్యూమ్‌లో ఎక్కువ భాగం ఆల్కహాల్. మైనంలో కలవదు, వేడి మీద ప్రమాదం కూడా. వంటలో వాడే రంగులు, ఎసెన్స్‌లలో నీళ్లుంటే అడుగున బుడగలుగా కూర్చుంటాయి. పిల్లల క్రేయాన్లు, మెరుపు పొడులు కలిసినట్టే కనిపిస్తాయి గానీ వాటి రేణువులు ఒత్తిని మూసేస్తాయి, మంట కొండెక్కుతుంది. క్యాండిల్స్ కోసం చేసిన, నూనెలో కరిగే రంగులే వాడాలి. ఎసెన్షియల్ ఆయిల్స్ సహజమైనవి కాబట్టి మంచివనే లెక్క కూడా కుదరదు: నిమ్మ, నారింజ లాంటివి తేలిగ్గా ఆవిరైపోతాయి, కొన్ని పెంపుడు జంతువులకు పడవు. వెనిలా వాసన వేసిన తెల్ల క్యాండిల్ కొన్నాళ్లకు గోధుమరంగుకు తిరిగితే కంగారు పడొద్దు, అది అందులోని వెనిలిన్ చేసే పని.

అపోహ: ఎండుపూలు, దాల్చినచెక్క పైన పెడితే అందం, అందమైన గాజు ఏదైనా జార్‌గా పనికొస్తుంది.

ఎండుపువ్వు మైనం పీల్చుకుని రెండో ఒత్తి అవుతుంది. ఫోటోకు పెట్టండి, వెలిగించే ముందు తీసేయండి. జార్ విషయంలో పలుచటి గ్లాసులు, పగుళ్లున్నవి, మూతి సన్నగా ఉన్నవి వద్దు. వేడి తేడాకు తట్టుకునేలా చేసిన గాజే కావాలి. అమెరికాలో క్యాండిల్ గాజుకు ఏఎస్‌టీఎం ఎఫ్2179 అనే ప్రమాణమే ఉంది. అడుగున 1 సెం.మీ. మైనం మిగలగానే వెలిగించడం ఆపేయాలి, లేకపోతే వేడంతా గాజు అడుగు మీదే పడుతుంది.

అపోహ: మైనం కరగబెట్టేటప్పుడు అంటుకుంటే నీళ్లు పోయాలి.

ఎప్పుడూ పోయకండి. నీళ్లు ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై మండుతున్న మైనాన్ని గదంతా చిమ్ముతాయి. మైనం కరగడానికి 100 డిగ్రీలు కూడా అక్కర్లేదు. నేరుగా మంట మీద పెట్టి మర్చిపోతే అది 200 దాటి అంటుకునే వేడికి చేరుతుంది. అందుకే నీళ్లున్న గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, థర్మామీటర్ చూసుకుంటూ కరిగించాలి. అయినా అంటుకుంటే స్టవ్ ఆపి, గిన్నెను కదపకుండా మూత పెట్టేయండి. సరిపోయే మూత ఒకటి స్టవ్ వెలిగించకముందే పక్కన పెట్టుకోవాలి.